యూదుల కొరకు ప్రార్థన



ఇటీవల ఒక మిత్రునితో మాటలాడుచుండగా, క్రైస్తవులు యూదుల కొరకు ప్రార్థించుట యుక్తమా యను ప్రసంగము వచ్చినది. ఆయన నవ్వి, "మన తాలూకాలో ఒక్క యూదుడైన లేడు. కన్నెరుగని వారి కొరకు మనకీ ప్రార్థన యేల?" అనెను. ఆ క్షణమున తగిన ప్రత్యుత్తరము నాకు తోచలేదు. ఈ సాయంకాలము నేను చెప్పబోవునది ఆ మిత్రునకు ఆలస్యముగా నిచ్చుచున్న జవాబని భావింపుడు. వినుచున్నవారిలో క్రైస్తవులు కానివారు పెక్కుమంది యుందురు. ఒక మతమువారు మరియొక మతమువారి కొరకు ఎట్లు ప్రార్థింపవచ్చును, ఎట్లు ప్రార్థింపరాదు అను విచారము వారికిని పరాయిది కాదని నా నమ్మకము.

మిత్రుడు చెప్పినది లెక్కకు చాలవరకు నిజమే. మన దేశమున యూదులెన్నడును కొలదిమందియే. కొచ్చిలోని మట్టాంచేరి సమాజమందిరము 1568 లో కట్టబడినది. 1948 లో ఇశ్రాయేలు రాజ్యము వెలసిన తరువాత అక్కడి కుటుంబములలో ఎక్కువభాగము ఆ దేశమునకు తరలిపోయినవి. తెలుగునాట మాత్రము ఒక చిత్రము కలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో, తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొను చిన్న సమాజమొకటి విశ్రాంతిదినమును, యూదుల పండుగలను ఆచరించుచున్నది. తెలుగున సంసారము, హెబ్రీయున ప్రార్థన! కాబట్టి "ఒక్కడైన లేడు" అనుటకు ముందు నా మిత్రుడు కొంచెము దూరము ప్రయాణము చేయవలసియుండెను.

అయినను నా జవాబు ఆ పల్లెపై ఆధారపడినది కాదు. యూదుడు మన వీధిలో లేకపోవచ్చును గాని, మన నాలుకపై నున్నాడు. అక్షరము రాని ముసలమ్మ ఆదివారము గుడిలో "ఆమేన్" అనును, "హల్లెలూయా" అనును, మట్టల ఆదివారమున "హోసన్నా" అని కేక వేయును. ఈ మూడును హెబ్రీయుల మాటలే. మన పిల్లలకు దావీదనియు, యాకోబనియు, రూతనియు, ఎస్తేరనియు పేర్లు పెట్టుచున్నాము. చావువేళ పడకప్రక్కను చదువు కీర్తన, పెండ్లివేళ చదువు కీర్తన, యెరూషలేము ఆలయములో పాడబడిన కీర్తనలే. ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో దేవుని నామము పరిశుద్ధపరచబడుట, ఆయన రాజ్యము వచ్చుట అను రెండు మనవులు కలవు. యూదులు తమ మృతులను తలంచుకొనునపుడు చెప్పు కద్దీషను ప్రార్థనలోను ఈ రెండు మనవులే మొదట వచ్చును. ఒకే యింట పుట్టిన మాటలు గనుక పోలిక యుండక తప్పదు.

ఇంత ఋణమున్నను, మనలో పెక్కుమందికి యూదుడనగా మొదట తోచునది వేరొకటి. నా బాల్యమున మంచి శుక్రవారమునాడు మధ్యాహ్నము మొదలు మూడు గంటలసేపు ఏడు మాటల ధ్యానము జరిగెడిది. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క బోధకుడు. ఎండ, ఉపవాసము, చాపపై కూర్చున్న పిల్లల కునికిపాట్లు. ఒక బోధకుడు గొంతెత్తి "యూదులు! యూదులు!" అన్నపుడెల్ల నేను ఉలిక్కిపడి లేచెడివాడను. తెలుగు బైబిలులో ప్రభువును అప్పగించిన వాని పేరు యూదా. ఆ జనమునకు పేరు యూదులు. ముప్పది వెండినాణెములు పుచ్చుకొన్నవాని సంతతివారే యూదులని నేను చాలకాలము నమ్మితిని. ఆ మాట ఎవరును నాకు చెప్పలేదు, ఎవరును దిద్దను లేదు. పేతురు యూదుడనియు, యోహాను యూదుడనియు, సిలువ యొద్ద నిలిచిన తల్లి మరియ యూదస్త్రీ యనియు, సిలువపై నున్నవాడే యూదుడనియు తెలియుటకు నాకు మీసములు రావలసివచ్చినది.

ఇంకొక మాట. సిలువ రోమనుల శిక్ష. తీర్పు చెప్పినవాడు రోమను అధిపతి పిలాతు. మేకులు కొట్టినవారు రోమను సైనికులు. యెరూషలేములోని ప్రధానయాజకులకు, వారి వెంటనున్న గుంపునకు ఆ నేరములో పాలు కలదని సువార్తలు చెప్పుచున్నవి. దానిని దాచవలసిన పనిలేదు. కాని ఆ దినమున గలిలయ పొలములలో పనిచేసికొనుచున్న యూదుడు, అలెక్సంద్రియ వీధిలో నున్న యూదుడు, పదునెనిమిది వందల ఏండ్ల తరువాత పోలండులో చెప్పులు కుట్టుకొని బ్రదికిన యూదుడు, వీరందరు దానికి బాధ్యులగుట ఏ న్యాయము?

ఈ అన్యాయము ప్రార్థనలోనికే ప్రవేశించినది. నేను ముఖ్యముగా చెప్పదలచిన దిదియే. క్రైస్తవులు యూదుల కొరకు ప్రార్థింపకపోలేదు. శతాబ్దముల తరబడి ప్రార్థించిరి; ఎట్లు ప్రార్థించిరో చూడవలెను.

రోమను శ్రీసభయందు మంచి శుక్రవారమున వరుసగా అనేకుల కొరకు మనవులు చేయుదురు. ప్రతి మనవికి ముందు "మోకరిల్లుదము" అని పిలుపు వచ్చును. సభ మోకరించి మౌనముగా ప్రార్థించి లేచును. యూదుల కొరకైన మనవి వచ్చినపుడు మాత్రము, సుమారు తొమ్మిదవ శతాబ్దము మొదలుకొని, ఆ మోకరింపు మానివేసిరి. కారణ మేమనగా, యూదులు ప్రభువు నెదుట మోకాళ్లూని ఆయనను అపహసించిరట! సువార్త తెరచి చూడుడు: ముండ్లకిరీటము పెట్టి, మోకాళ్లూని, వెక్కిరించినవారు పిలాతు సైనికులు. ఒకరు చేసిన అపహాస్యమునకు మరియొకరి కొరకైన మోకరింపు వెయ్యేండ్లు ఆగిపోయినది. ఆ మనవిలో యూదులకు "పెర్ఫిదిస్" అను లాటిను విశేషణము చేర్చబడినది. పండితులు దానికి "విశ్వసింపనివారు" అని మాత్రమే అర్థమని చెప్పిరి. అది నిజమైన కావచ్చును. కాని దేశభాషలలోనికి దిగినపుడు అది "ద్రోహులు" అయినది. సామాన్యుడు విన్నది పండితుల అర్థము కాదు.

ప్రొటెస్టెంటులు దీనిని చూచి సంతోషింపనక్కరలేదు. 1543 లో లూథరు యూదులకు విరోధముగ వ్రాసిన గ్రంథము, వారి సమాజమందిరములను తగులబెట్టుమని సలహా చెప్పినది. 1662 నాటి ఆంగ్ల సంఘ ప్రార్థనపుస్తకము మంచి శుక్రవారమున యూదులను, తురుష్కులను, అవిశ్వాసులను, మతభ్రష్టులను ఒక్క గంపలో వేసి, వారి అజ్ఞానమును హృదయకాఠిన్యమును తొలగింపుమని దేవుని వేడినది. ఆ పుస్తకము ఆంగ్ల సంఘము వెంట మన దేశమునకును వచ్చినది. మన పెద్దలు దానిని భక్తితోనే చదివిరి. వారి భక్తిని నేను శంకింపను. కాని ఎవనికొరకు ప్రార్థించుచున్నామో వానిని దేవునియెదుట నిందించుచు ప్రార్థించుట చిత్రమైన పని. పొరుగువాని రోగశాంతికై దీపము పెట్టి, ఆ దీపము వెలుగున వాని తప్పులు లెక్కపెట్టినట్లుండును.

వెలుపల దీని ఫలితము మాటలతో ఆగలేదు. 1096 లో సిలువయుద్ధమునకు బయలుదేరిన మూకలు రైను నదీతీరమున వర్మ్సు, మైంజు పట్టణములలో యూదుల నూచకోత కోసినవి. 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ, పునరుత్థాన పండుగకు ముందరి మూడు దినములు యూదులు వీధిలోనికి రాగూడదని విధించినది. క్రైస్తవులు తమ రక్షకుని దయను ధ్యానించు దినము, యూదులు తలుపు గడియ వేసికొను దినమైనది.

ఇరువదవ శతాబ్దమున కొందరికి మెలకువ వచ్చినది. 1926 లో రోమునగరమున "ఇశ్రాయేలు మిత్రులు" అను గురువుల సంఘము వెలసినది. రెండేండ్లలో 19 మంది కార్డినళ్లు, సుమారు 300 మంది బిషప్పులు, 3,000 మంది గురువులు అందులో చేరిరి. ఆ కఠినవిశేషణమును తీసివేసి, మోకరింపును మరల నిలుపుడని వారు కోరిరి. ఆరాధనక్రమమును చూచు కార్యాలయము సమ్మతించెను గాని, సిద్ధాంతమును చూచు కార్యాలయము నిరాకరించినది. 1928 మార్చి 25 న ఆ సంఘమునే రద్దుచేసిరి. రద్దుచేసిన ఆ శాసనమే యూదద్వేషమును ఖండించినది కూడ. ఒక చేతితో పాపమును ఖండించి, మరియొక చేతితో దాని వేరును నీరు పోసి కాపాడినట్లయినది. అప్పటికి హిట్లరు అధికారమునకు వచ్చుటకు అయిదేండ్లు కూడ లేవు.

ఇప్పుడొక మనుష్యుని సంగతి చెప్పెదను. ఈ ప్రసంగమంతయు మరచినను ఆయనను మరువవలదని కోరుచున్నాను.

బెర్న్‌హార్డ్ లిక్టెన్‌బెర్గు 1875 డిసెంబరు 3 న సైలీషియాలోని ఓలావు పట్టణమున పుట్టెను. గురువై బెర్లినునకు వచ్చి, చివరకు ఆ నగరపు సెయింట్ హెడ్విగ్ ప్రధానదేవాలయమునకు పెద్దయయ్యెను. గొప్ప వక్త కాడు. పీఠముల నాశించినవాడు కాడు. 1938 నవంబరు 9 రాత్రియు మరునాడును జర్మనీ యంతట నాజీలు యూదుల సమాజమందిరములను తగులబెట్టిరి, అంగళ్లు పగులగొట్టిరి, సుమారు 30,000 మంది యూదపురుషులను పట్టుకొని నిర్బంధశిబిరములకు తోలిరి. బెర్లిను వీధులలో గాజుపెంకులు కాలికి తగులుచుండెను. ఆ సాయంకాలము లిక్టెన్‌బెర్గు యథాప్రకారము దేవాలయములో సాయంప్రార్థన నడుపుచు, యూదుల కొరకు ప్రార్థింతమని బాహాటముగా చెప్పెను. వెలుపల కాలుచున్న సమాజమందిరము కూడ దేవుని గృహమే యని ఆ సభకు జ్ఞాపకము చేసెను.

ఒక్కదినము ధైర్యము చేయువారు కొందరుందురు. ఆయన దానిని నిత్యకృత్యము చేసికొనెను. దినదినము సాయంకాలము, యూదుల కొరకు, యూదవంశమునుండి వచ్చిన క్రైస్తవుల కొరకు, శిబిరములలోని ఖైదీల కొరకు అని చెప్పి ప్రార్థించెను. వారము గడచెను, ఏడాది గడచెను, యుద్ధము వచ్చెను, ప్రార్థన ఆగలేదు. మూడేండ్లు కావచ్చినది. 1941 ఆగస్టు మాసాంతమున పరస్థలమునుండి వచ్చిన యిద్దరు విద్యార్థినులు ఆ దేవాలయమును చూడవచ్చి, ఆ ప్రార్థనను విని, పోయి పోలీసులకు తెలిపిరి. ఆ యిద్దరిని గూర్చి నేను తరచుగా తలంచుచుందును. దుష్టులైన ఆడుపిల్లలు కారేమో. బడిలో నేర్పినదానిని నమ్మిన పిల్లలు. వారి చెవికి ఆ ప్రార్థన దేశద్రోహముగ వినబడినది.

అక్టోబరు 18 న బెర్లినునుండి యూదులను తూర్పునకు తోలుకొనిపోవు మొదటి రైలు బయలుదేరినది. అక్టోబరు 23 న లిక్టెన్‌బెర్గును బంధించిరి. ఇల్లు సోదా చేయగా ఒక కాగితము దొరికినది. యూదులకు సహాయము చేయువాడు ద్రోహి యని ప్రభుత్వము ఇంటింట పంచిన కరపత్రమును నమ్మవలదనియు, పొరుగువానిని ప్రేమింపుమన్న క్రీస్తు ఆజ్ఞను పాటింపుడనియు, తన సభకు చదివి వినిపింప నాయన సిద్ధము చేసికొన్న ప్రకటన యది. చదువుటకు ఆదివారము రాకమునుపే పోలీసులు వచ్చిరి. విచారణలో ఆయన దేనిని కాదనలేదు. 1942 మే 22 న రెండేండ్ల శిక్ష విధించిరి. శిక్షాకాలము ముగియవచ్చినపుడు, యుద్ధకాలమున ఉపదేశము మానినయెడల విడిచిపెట్టుదురని తెలిపిరి. ఆయన మరియొకటి కోరెను: యూదులు పంపబడిన పోలండులోని లోడ్జ్ నగరమునకు, వారితో కూడ వారి కొరకు ప్రార్థించుచు నుండుటకు, తన్ను పోనిండని. విడిచిపెట్టలేదు. డాకావు శిబిరమునకు తరలించుచుండగా, రోగపీడితుడై, హోఫ్ పట్టణపు ఆసుపత్రిలో 1943 నవంబరు 5 న చనిపోయెను. 1996 లో రోమను శ్రీసభ ఆయనను ధన్యుడని ప్రకటించినది; 2004 లో యెరూషలేములోని యాద్ వషేము సంస్థ, యూదులను కాపాడిన నీతిమంతుల జాబితాలో ఆయన పేరు చేర్చినది. ఆయన దాచి కాపాడిన యూదులను లెక్కించి యిచ్చిన గౌరవము కాదది. ముఖ్యముగ ఆ నోటి ప్రార్థనకు, ఆ సాక్ష్యమునకు ఇచ్చినది.

ఆ నవంబరు మంటలవేళనే డీట్రిక్ బోన్‌హాఫరు అను లూథరను బోధకుడు తన బైబిలులో డెబ్బది నాలుగవ కీర్తన తెరచి, శత్రువులు దేశములోని దేవుని మందిరములను కాల్చిరను వచనముప్రక్కను ఆ తేదీని పెన్సిలుతో గుర్తించెను. ఆయనను 1945 ఏప్రిలు 9 న ఉరితీసిరి. ఇట్టివారు లేకపోలేదు, కాని వ్రేళ్లపై లెక్కింపదగినంతమందే. తక్కిన వేలాది దేవాలయములలో ఆ రాత్రియు గంటలు మ్రోగెను, కీర్తనలు పాడిరి. పాడినవి దావీదు కీర్తనలే.

60 లక్షలమంది చంపబడినారు. ఈ సంఖ్యను రేడియోలో పలుకుటకు అరక్షణము చాలును.

ఆ అగ్నిలో సర్వస్వము పోగొట్టుకొన్న ఒక వృద్ధుని మాట ఇక్కడ చెప్పవలెను. జూల్ ఇజాక్ ఫ్రాన్సుదేశమున చరిత్రపాఠ్యపుస్తకములు వ్రాసి ప్రసిద్ధిచెందిన యూదపండితుడు. 1943 లో ఆయన భార్యను, కుమార్తెను పట్టుకొనిపోయి చంపిరి. దాగియుండిన కాలమున ఆయన సువార్తలనే ముందు పెట్టుకొని, క్రైస్తవులు యూదులను గూర్చి తరతరములుగా బోధించినది ఆ సువార్తలకే విరుద్ధమని నిరూపించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది 1948 లో వెలువడినది. 1947 లో స్విట్జర్లాండులోని సీలిస్‌బెర్గున క్రైస్తవులును యూదులును కూడి, బడులలోను గుడులలోను యూదులను గూర్చి ఎట్లు బోధింపవలెనో పది అంశములు నిర్ణయించినపుడు, ఈయన శ్రమయే దానికి ఆధారము. 1960 జూన్ 13 న, 82 ఏండ్ల వయస్సున, ఆయన ఇరువదిమూడవ యోహాను పోపుగారిని దర్శించెను. తాను కొంత ఆశతో మరలిపోవచ్చునా యని అడుగగా, ఆశకు మించినదానికే మీకు హక్కు కలదని పోపుగారు చెప్పిరట. భార్యాబిడ్డలను పోగొట్టుకొన్నవాడు కోపముతో కాక పుస్తకముతో వచ్చెను. ఎవరు ఎవరికొరకు ప్రార్థింపవలసియుండెనో, ఆ గదిలో చెప్పుట కష్టము.

దిద్దుబాటు మెల్లమెల్లగా జరిగినది. 1955 నాటి సంస్కరణముచే మోకరింపు మరల వచ్చినది. 1959 లో ఈ యోహాను పోపుగారు ఆ కఠినపదమును తొలగించిరి. 1965 అక్టోబరు 28 న రెండవ వాటికను మహాసభ, 2,221 మంది యనుకూలముగను 88 మంది ప్రతికూలముగను మతమిచ్చి యంగీకరించిన ప్రకటనలో, క్రీస్తు మరణమును నాటి యూదులందరిపైనను, నేటి యూదులపైనను మోపరాదని చెప్పినది. 1970 నాటి పుస్తకములో ఆ పాత మనవి స్థానమున క్రొత్తది వచ్చినది: దేవుని మాటను మొదట వినిన ఈ జనము ఆయన నామమును ప్రేమించుటలోను, ఆయన నిబంధనకు నమ్మకముగా నుండుటలోను వృద్ధిపొందవలెనని దాని సారము. నింద పోయినది, కృతజ్ఞత వచ్చినది.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చును. క్రైస్తవుడు క్రీస్తునే రక్షకుడని నమ్మినవాడు గదా. యూదులు క్రీస్తునొద్దకు రావలెనని ప్రార్థింపవలదా? ఈ విషయమున సంఘములలో ఏకాభిప్రాయము లేదు. 2008 లో పాత లాటిను క్రమమును పాటించువారి కొరకు పదునారవ బెనెడిక్టు పోపుగారు వ్రాసిన మనవి, వారు క్రీస్తును గుర్తింపవలెనని కోరినది. దానికి యూదులు నొచ్చుకొనిరి. 2015 లో వాటికను కార్యాలయమొకటి వెలువరించిన పత్రము, యూదులను మతము మార్చుటకు ప్రత్యేకసంస్థలను తాము నడుపమనియు, ప్రోత్సహింపమనియు చెప్పినది. ప్రొటెస్టెంటులలో పెక్కుమంది దీని కంగీకరింపరు. నా నమ్మకమును నేను దాచను: క్రీస్తు అందరికిని ప్రభువని నమ్ముచున్నాను. కాని యూదుని మోకాళ్లకు సంకెల వేసి బలవంతముగ బాప్తిస్మమిచ్చిన చరిత్ర గల జనులము, అతని మార్పు కొరకు గట్టిగా ప్రార్థించునపుడు అతని చెవికది యెట్లు వినబడునో తెలిసికొనవలెను. ఆ సంగతి దేవునికి విడిచిపెట్టుట విశ్వాసలోపము కాదు. పౌలు చేసినదియు అదియే.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో తొమ్మిదవ అధ్యాయము మొదలు మూడు అధ్యాయములు ఈ వ్యథతో నిండియున్నవి. తన స్వజనుల కొరకు తాను శాపగ్రస్తుడగుటకైనను సిద్ధమని అతడు చెప్పుచున్నాడు. ఆ మాటలు తెర్తియు అను లేఖకుడు వ్రాయుచుండగా పౌలు నడచుచు చెప్పెనో, ఏడ్చుచు చెప్పెనో! పిమ్మట ఒలీవచెట్టు ఉపమానము వచ్చును. ఇశ్రాయేలు మంచి ఒలీవ. అన్యజనులు అడవి ఒలీవ కొమ్మలు. ఆ కొమ్మలు మంచిచెట్టునకు అంటుకట్టబడినవి.

అంటుకట్టుట తెలుగువారికి చెప్పవలసిన విద్య కాదు. కడియము తోటలలో చూడుడు: నాటు మామిడి టెంక మొలిపించి, ఆ మొక్కకు బంగినపల్లి కొమ్మను అంటుకట్టుదురు. వేరు నాటుది, కొమ్మ మేలుది. నాటు మొక్కకు మేలు కొమ్మ వచ్చినదని తోటమాలి సంతోషించును. పౌలు చెప్పినది దీనికి తలక్రిందులు. వేరు మేలుది, తెచ్చి కట్టిన కొమ్మ అడవిది. ఇది స్వభావవిరుద్ధమని పౌలే ఒప్పుకొనుచున్నాడు. అతనికి తోటపని తెలియదని వెక్కిరించినవారు కలరు. తెలిసియే చెప్పెనని నేననుకొందును. అట్టి అడవికొమ్మ విరిగిన కొమ్మలను చూచి గర్వింపరాదు. నీవు వేరును భరించుటలేదు, వేరే నిన్ను భరించుచున్నదని అతడు రోమాలోని అన్యజన క్రైస్తవులను హెచ్చరించెను. దేవుడు ఇచ్చిన వరములను, పిలుపును వెనుకకు తీసికొనువాడు కాడని కూడ చెప్పెను. వారు తుదకు ఎట్లు, ఎప్పుడు అను ప్రశ్న వచ్చినపుడు వాదము మాని, దేవుని జ్ఞానము అగమ్యమని స్తుతిచేసి ముగించెను. మనము ఆ హెచ్చరికను చదివి, దాని తరువాత వెయ్యిన్ని తొమ్మిదివందల ఏండ్లు గర్వించితిమి.

ఇట్టి కొమ్మ వేరు కొరకు ప్రార్థించునపుడు ఏమని ప్రార్థించును? మొట్టమొదట వందనము చెప్పును. నా మిత్రుడు మరచినది అదియే: యూదుల కొరకు ప్రార్థించుట మనము వారికి చేయు ఉపకారము కాదు, తీర్పరి చేయు దయ అంతకన్న కాదు. అప్పుపడినవాడు అప్పిచ్చినవాని క్షేమము కోరుటవంటిది. 1986 ఏప్రిలు 13 న రెండవ జాన్ పాల్ పోపుగారు రోమునగరపు యూదుల సమాజమందిరమునకు పోయి, మీరు మాకు అన్నలవంటివారని చెప్పిరి. అన్న కొరకు తమ్ముడు ప్రార్థించు తీరు మన యిండ్లలో అందరికి తెలిసినదే. అందులో గౌరవముండును, చనువుండును. "మా అన్నకు బుద్ధి ప్రసాదింపు" మని నలుగురిలో నిలిచి కేకలు వేయడు.

వారి ప్రాణరక్షణ కొరకును ప్రార్థింపవలసియున్నది. యూదద్వేషము 1945 తో చావలేదు. 2018 అక్టోబరు 27 న అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, విశ్రాంతిదినపు ప్రార్థనకు కూడిన పదునొకండుగురిని ఒకడు తుపాకితో కాల్చిచంపెను. 2023 అక్టోబరు 7 న ఇశ్రాయేలులో సుమారు 1,200 మంది, అందు పెక్కుమంది యూదులు, ఒక్క దినమున చంపబడిరి.

ఆ తేదీని చెప్పినపుడు తరువాత జరిగినదానిని చెప్పకుండుట న్యాయము కాదు. ఆ పిమ్మట నడచిన యుద్ధమున గాజాలో పదులవేల పాలస్తీనీయులు, పసిపిల్లలతో సహా, మరణించిరి. యూదుల కొరకు ప్రార్థించుట ఒక రాజ్యము చేయు ప్రతి కార్యమునకు సంతకము పెట్టుట కాదు. యెరూషలేము క్షేమము కొరకు ప్రార్థింపుమని నూటయిరువదిరెండవ కీర్తన చెప్పుచున్నది; ఆ యెరూషలేములో అరబ్బు తల్లులును గలరు, మన ప్రభువు నారాధించు అరబ్బు క్రైస్తవులును గలరు. యూదులపై ప్రేమ యను పేర పాలస్తీనీయుని మరచువాడును, పాలస్తీనీయునిపై జాలి యను పేర యూదుని ద్వేషించువాడును ఆ కీర్తనను సగమే చదివినవారు. ప్రవక్తలు తమ జనమును అందరికంటె ఎక్కువ ప్రేమించిరి. రాజుల నందరికంటె ఎక్కువ మందలించిరి.

"సరే, ఏ మాటలతో ప్రార్థింపవలెను?" అని నా మిత్రుడు తప్పక అడుగును. నేను మాటలు కూర్చి యిచ్చుటకు సమర్థుడను కాను. ఒకటి మాత్రము చూపగలను. 2000 మార్చి 26 న అదే రెండవ జాన్ పాల్ పోపుగారు యెరూషలేములోని పడమటి గోడ యొద్దకు పోయిరి. డెబ్బది తొమ్మిదేండ్ల వృద్ధుడు. కఱ్ఱ ఊతతో, వంగిన వీపుతో, మెల్లగా నడచుచుండెను. పూర్వపు ఆలయావరణపు ప్రాకారములో మిగిలిన భాగమా గోడ. భక్తులైన యూదులు తమ మనవులను చిన్న కాగితములపై వ్రాసి దాని రాళ్ల సందులలో నుంచుట వాడుక. పోపుగారును ఒక కాగితము తెచ్చిరి. అబ్రాహామును, అతని సంతతిని ఎన్నుకొన్న దేవునికి వ్రాసిన మనవి యది. ఆ సంతతిని చరిత్రలో బాధించినవారి కార్యములను బట్టి మిక్కిలి దుఃఖించుచు, క్షమింపుమని వేడి, నిబంధనజనముతో నిజమైన సహోదరత్వమున నుందుమని మాట యిచ్చి, క్రింద చేవ్రాలు చేసిరి. అందులో యూదులనుండి కోరిన దేమియు లేదు. ఆ కాగితమును రాళ్ల సందులో నుంచి, వణకుచున్న చేతిని ఆ గోడకానించి, కొంతసేపు మౌనముగ నిలిచి, మరలిపోయిరి.